మొదటిది తల్లికే

పోయినవారం మనం పిట్టని పిల్లల ఆసుపత్రిలో, డాక్టరమ్మ గది గుమ్మం దగ్గర, భుజాన పాలసీసాల సంచితో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆ పిల్ల వారం రోజులుగా అక్కడే నిలబడి ఉంది. లోపల డాక్టరమ్మ అడిగిన ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు: "ఇలా అవ్వడం ఇదే మొదటిసారా?"

కొత్తగా చదువుతున్నవాళ్ళకి రెండు ముక్కల్లో చెప్పేస్తాను, పాతవాళ్ళు విసుక్కోకండి. పిట్టకి పధ్నాలుగేళ్ళు. మనిషి అంతే ఉంటుంది కాబట్టి వీధంతా ఆ పేరుతోనే పిలుస్తుంది. బడికి సెలవులిచ్చిన మర్నాటి నుంచీ ఆ వీధిలో పెద్దవాళ్ళందరిదీ ఒకటే గోల, ఎండల్లో జులాయిగా తిరగకపోతే నాలుగు డబ్బులు సంపాదించుకోకూడదూ అని. అన్నదీ వాళ్ళే, పిల్లలు నిజంగా సంపాదనకి దిగాక నెత్తీ నోరూ కొట్టుకున్నదీ వాళ్ళే. మేడమీది కవలలు కుక్కల్ని షికారు తిప్పే పని పట్టారు. ఎవరు ఎవరిని తిప్పారో వాళ్ళ మోకాళ్ళ మీద దెబ్బలు చూస్తే తెలుస్తుంది. టైలరు కొడుకు కార్లు కడుగుతానని బయల్దేరి, రెండో రోజుకే ఎవరిదో అద్దం విరగ్గొట్టి, వాళ్ళ నాన్న చేత చీవాట్లు తిన్నాడు. పిట్ట మాత్రం కుదురుగా వాళ్ళ అమ్మమ్మ పనిలోకి దిగింది.

ఆ అమ్మమ్మని అందరూ ఆయమ్మ అంటారు. ఉద్యోగాలకి వెళ్ళే తల్లుల పసిపిల్లల్ని పగలంతా చూసుకోవడం ఆవిడ పని. ఆ వీధిలో ఇప్పుడు మీసాలు దువ్వుకుంటున్నవాళ్ళలో సగంమంది ఆవిడ ఒళ్ళో పాలు తాగినవాళ్ళే. ఈ ఏడు మోకాళ్ళు మొరాయించాయి. అందుకని ఈ వేసవికి ఒక ఒప్పందం కుదిరింది. పేరు ఆయమ్మది, చేతులు పిట్టవి. ఆయమ్మ కుర్చీలో కూర్చుని చెబుతుంది, పిట్ట ఎత్తుకుంటుంది, దించుతుంది, పాలు పడుతుంది. జీతం పిట్ట సైకిలుకి. బడి ఊరవతలికి మారిపోయింది మరి, ఇంక నడిచి వెళ్ళేంత దగ్గర కాదు.

పధ్నాలుగేళ్ళ పిల్ల చేతికి తొమ్మిది నెలలు దాటిన పసిపాపని ఇస్తారా, ఆ తల్లికి బుద్ధి లేదా అని ఒకావిడ నాకు రాశారు. అమ్మా, ఆ తల్లి రైలు టిక్కెట్ల కౌంటర్లో పనిచేస్తుంది. తెల్లారకుండానే డ్యూటీ ఎక్కాలి. పాప తండ్రి లారీ తోలుతూ నెలలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు. తీరి కూర్చుని సలహాలిచ్చేవాళ్ళం మనం చాలామందిమి ఉన్నాం. పాపని ఎత్తుకోవడానికి మాత్రం ఆయమ్మా, పిట్టా ఉన్నారు.

ఇంక లోపలికి వెళ్దాం పదండి.

"ఇదే మొదటిసారండీ," అంది పాప తల్లి. "ఇవాళ నాకు సెలవు. పాప నిద్రలేచి కూర్చుంది. ఉన్నట్టుండి తల ముందుకి వాల్చేసి, రెండు చేతులూ ఇలా చాపేసింది. అంతలోనే మామూలుగా అయిపోయింది. హమ్మయ్య అనుకునేలోపు మళ్ళీ అలాగే. మళ్ళీ, మళ్ళీ. తర్వాత ఒకటే ఏడుపు. నాకు కాళ్ళూ చేతులూ ఆడక, ఆయమ్మా వాళ్ళని పిలుచుకుని ఇటు పరుగెత్తుకొచ్చాను."

డాక్టరమ్మ పాప కళ్ళల్లోకి లైటు వేసి చూసింది. టేపుతో తల చుట్టూ కొలిచింది. పాప ఆ టేపుని పట్టుకోవడానికి కూడా చెయ్యి చాపలేదు.

"జ్వరం?"

"లేదండీ."

"ఇంతకుముందు ఎప్పుడూ ఇలా చెయ్యలేదుగా?"

"లేదండీ. ఏ కాస్త తేడా ఉన్నా ఆయమ్మ చెప్పేస్తుంది. పాప తుమ్మినా చెప్తుంది," అంది తల్లి. ఆ మాట అనడంలో ఆవిడకి ఎంత నమ్మకమో.

"సరే. ఒక్కసారే కాబట్టి మీరు మరీ కంగారు పడకండి. తలకి వైర్లు పెట్టి చేసే పరీక్ష ఒకటుంది. దానికి ఈ వారమంతా ఖాళీ లేదు. పైవారం రండి, రాసిస్తాను." డాక్టరమ్మ కలం తీసింది.

గుమ్మంలో పిట్ట ఆ కలం వంకే చూస్తోంది.

ఆయమ్మ దగ్గర పని నేర్చుకున్నవాళ్ళకి రెండే రెండు మాటలు. పాపకి ఒళ్ళు వెచ్చబడినా, దగ్గినా, పాలు కక్కినా, విరేచనం రంగు మారినా తల్లి గుమ్మంలోకి అడుగు పెట్టగానే చెప్పెయ్యాలి, చెప్పులు విడిచేదాకా కూడా ఆగకూడదు. ఇది ఒకటి. రెండోది దీనికి తలకిందులు. పాప మన చేతుల్లో మొదటిసారి ఏ ముచ్చటైనా చేస్తే, బోర్లా పడనీ, పాకనీ, చప్పట్లు కొట్టనీ, ఆ సంగతి కడుపులో దాచుకోవాలి. తల్లి ఇంట్లో ఉన్నప్పుడు పాప అదే ముచ్చట మళ్ళీ చేసేలా చూడాలి. అప్పుడు తల్లికంటే ముందు మనమే నోరు తెరిచి ఆశ్చర్యపోవాలి. మొదటిది తల్లికే. అది ఆయమ్మ శాసనం.

మరి పాప కూర్చుని తల వంచి చేతులు చాపడం ఈ రెండిట్లో దేని కిందికి వస్తుంది? జ్వరం లేదు, దగ్గు లేదు. చూస్తే అచ్చం ఆటలాగే ఉంది. పిట్ట అది చూసిన మొదటిరోజే దాన్ని రెండో మాట కింద వేసుకుంది. అమ్మమ్మకి చెప్పింది కూడా. కళ్ళు సరిగ్గా ఆనని ఆయమ్మ కుర్చీలోంచే నవ్వి, "గమ్మునుండు, వాళ్ళమ్మ చూడనీ," అంది.

ఇప్పుడు నోరు విప్పితే ఏమవుతుందో పిట్టకి తెలుసు. సైకిలు పోతుంది, అది పోతే పోయింది. అమ్మమ్మ ఇన్నేళ్ళూ కాపాడుకున్న పేరు వీధిలో పడుతుంది. పాపని ఇంక ముట్టుకోనివ్వరు. నోరు విప్పకపోతే పాప ఒక కాగితంతో ఇంటికి వెళ్ళిపోతుంది, పైవారం దాకా.

పిట్ట వెనక్కి తిరిగి చూసింది. వరండాలో బెంచీ మీద ఆయమ్మ రాతిబొమ్మై కూర్చుని ఉంది. లోపలి మాటలన్నీ ఆవిడకీ వినబడ్డాయి. చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

"మొదటిసారి కాదండీ," అంది పిట్ట.

అంత చిన్న గొంతు డాక్టరమ్మకి వినబడలేదు. తల్లికి వినబడింది. ఆవిడ తల తిప్పి పిట్ట వంక చూసిన చూపు రాయడానికి నాకు చేతకాదు.

"ఏంటమ్మా? ఇలా లోపలికి రా," అంది డాక్టరమ్మ. "నువ్వెవరు?"

"పాపని చూసుకుంటానండీ. పగలు." పిట్ట సంచి గట్టిగా పట్టుకుంది. "ఇంతకుముందు కూడా చేసిందండీ. చాలాసార్లు. నిద్రలేచాక చేస్తుంది. సలాం కొడుతున్నట్టు."

కాగితం మీద కలం ఆగిపోయింది. "సలామా? ఆ మాట నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. అలా ఉందని నేనే పేరు పెట్టాను."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. తర్వాత, "పాతకాలం డాక్టర్లు కూడా దీనికి ఆ పేరే పెట్టారు," అంది మెల్లగా. "ఎప్పట్నించి చేస్తోంది? బాగా గుర్తు తెచ్చుకుని చెప్పు."

"కింద ఇంటివాళ్ళు గోడలకి రంగులేయించారు చూడండీ, ఆ రోజు మొదలండీ. రంగు వాసన పడక అలా చేస్తోందేమో అనుకున్నాను ముందు. తర్వాత వాసన పోయింది, ఇది పోలేదు."

డాక్టరమ్మ తల్లి వంక చూసింది. తల్లి పెదవులు కదిలాయి. "నెల కావస్తోంది," అంది.

"ఈమధ్య నవ్వడం తగ్గిందా?"

ఆ ప్రశ్న తల్లిని అడిగింది. జవాబు పిట్ట చెప్పింది. "తగ్గిందండీ. ఇదివరకు నేను తలుపు తోస్తే చాలు కాళ్ళు కొట్టుకునేది. ఇప్పుడు నా వంక చూడనే చూడదు. నా మీద అలిగిందనుకున్నాను." అక్కడిదాకా డాక్టరమ్మ వంక చూసి చెప్పుకొచ్చిన పిల్ల, ఆ ఒక్క మాట పాప వంక చూసి చెప్పింది.

"ఫోన్లో ఎవరైనా తీశారా?"

తీశారు. పిట్టే తీసింది, అమ్మమ్మ ఫోన్లో. తల్లి తన కళ్ళతో చూసి మురిసిపోయాక, ఇదిగో అక్కా, ఇంకా చూడండి అని చూపించాలని దాచిపెట్టుకుంది. ఇప్పుడు సంచిలోంచి ఆ ఫోను తీసి, వెతికి డాక్టరమ్మ చేతిలో పెట్టింది.

వీడియోలో పాప చాప మీద కూర్చుని ఉంది. పసుపు గౌను. తల వాలింది, చేతులు చాచుకున్నాయి. వెంటనే చప్పట్లు వినబడ్డాయి. "సలాం మహారాజా!" అంటోంది పిట్ట గొంతు, నవ్వు ఆపుకోలేక. పాప తల ఎత్తింది, మళ్ళీ వాల్చింది. "ఇంకోటి! ఇంకోటి! నా బంగారం, ఇంకొక్కటి!" వెనక ఎక్కడో ఆయమ్మ కిలకిలా నవ్వుతోంది. పాప ముఖం ఏడుపుకి సిద్ధమవుతుంటే పిట్ట, "అయ్యో, అలసిపోయావా తల్లీ," అంటోంది.

ఆ గదిలో ఆ చప్పట్లు అలా మోగుతూనే ఉన్నాయి. డాక్టరమ్మ శబ్దం తగ్గించలేదు. శబ్దంలో కూడా ఆవిడకి కావలసినదేదో ఉంటుంది మరి. పిట్ట రెండు చెవులూ మూసుకుంది.

వీడియో అయ్యాక డాక్టరమ్మ రాసిన కాగితాన్ని చింపి బుట్టలో పడేసింది. "ఇది ఆట కాదమ్మా, ఒకరకం మూర్ఛ. మూర్ఛ అంటే కింద పడి కొట్టుకోవడమే అనుకుంటారు అందరూ. ఇది అలా ఉండదు, ముద్దొచ్చేలా ఉంటుంది. అదే దీంతో వచ్చిన చిక్కు." ఫోనెత్తి ఎవరితోనో గట్టిగా, "ఇవాళే కావాలి. వరస తర్వాత చూసుకుందాం," అంది. పెట్టేసి తల్లి వైపు తిరిగింది. "మందుకి చాలామందిలో ఆగిపోతుంది. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. ఆలస్యమైంది కాబట్టి ఎదుగుదల ఎలా ఉంటుందో ఇప్పుడే నేను మాట ఇవ్వలేను."

ఆలస్యమైంది. అంత సాదాగా అనేసింది ఆ మాట.

*

పరీక్షగది ఖాళీ అయ్యేదాకా బయట బెంచీ మీద కూర్చోమన్నారు. తల్లి పాపని భుజాన వేసుకుని ఒక చివర కూర్చుంది. ఆయమ్మ ఇంకో చివర ఉంది. మధ్యలో చోటున్నా పిట్ట కూర్చోలేదు, గోడకి ఆనుకుని నిలబడింది.

"ఎందుకు చెప్పలేదు?" అంది తల్లి. అరవలేదు. అరిచినా బాగుండునని పిట్టకి అనిపించింది.

"మీరు చూడాలని అక్కా."

"ఏం చూడాలని?"

"మొదటిసారి మీరే చూడాలని. నేను చెప్పేస్తే మీకు కొత్తగా ఉండదని."

"దాన్నేమీ అనకు తల్లీ," అంది ఆయమ్మ. లేవబోయింది, మోకాళ్ళు రానివ్వలేదు. "అది నేను నేర్పిన మాట. ఎవరింట్లో పనిచేసినా నాది అదే పద్ధతి. మొదటిది తల్లికే. అది వచ్చి నాతో చెప్పింది కూడా, పాప ఇట్లా చేస్తోందని. గమ్మునుండమన్నది నేనే. దాని తప్పు కాదు. తిడితే నన్ను తిట్టు, కొడితే నన్ను కొట్టు."

తల్లి ఆ మాటని మనసులో ఒకటికి రెండుసార్లు తిప్పుకుంటున్నట్టుంది. పాప వీపు మీద జోకొడుతున్న చెయ్యి ఆగింది.

"అంటే," అంది, "ఇదొక్కటేనా దాచింది?"

పిట్ట అమ్మమ్మ వంక చూసింది.

"నా పుట్టినరోజున బోర్లా పడింది. నేను చీర కూడా మార్చుకోకుండా గంతులేశాను. నువ్వూ నాతో పాటు మురిసిపోయావు ఆయమ్మా. అది?"

ఆయమ్మ నేలకేసి చూసింది.

"చప్పట్లు? ఒక ఆదివారం నా ముందు చప్పట్లు కొట్టింది. నువ్వు అమ్మో అని అరిచావు కదే పిట్టా, గరిటె కింద పడేసి మరీ అరిచావు!"

పిట్ట తల ఇంకా కిందికి వాలింది. ఆ గరిటె సంగతి మీకూ నాకూ తెలుసు. నాలుగు వారాల కిందట ఈ పత్రికలోనే చదివాం, చదివి నవ్వుకున్నాం. గరిటె పడేయాలన్నది పిట్ట సొంత తెలివి. పాప చప్పట్లు కొట్టేలా వెనక నిలబడి బొమ్మ ఊపింది ఆయమ్మ. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

"పాకడం?"

పిట్ట సంచి పట్టీ నలుపుతోంది.

"పోనీ పన్ను? పన్నైనా నేను చూశానా?"

"పన్ను మీరే చూశారక్కా," అంది పిట్ట గబగబా. "నిజంగా. ఒట్టు. నాకసలు కనబడనే లేదు."

తల్లికి నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పాప ఉలిక్కిపడకుండా ఒళ్ళంతా బిగబట్టుకుని ఏడ్చింది.

"కౌంటర్లో పక్కనున్న ఆవిడకి అన్నీ చెప్పుకున్నాను," అంది కాసేపటికి. "మా పాప ఏది చేసినా నేను ఇంట్లో ఉన్నప్పుడే చేస్తుందండీ, నాకోసమే ఆగుతుందండీ అని. ఆవిడ నవ్వేది. పిచ్చిదాన్ననుకుని ఉంటుంది. అందరికీ తెలుసు, నాకు తప్ప."

"పిచ్చిదానివి కాదు తల్లీ," అంది ఆయమ్మ. "నా సంగతి చెప్తాను, విని తర్వాత నీ ఇష్టం. నా కూతురు, ఇదిగో, దీని తల్లి, మొదటి అడుగు వేసినప్పుడు నేను ఇంకొకరింట్లో ఇంకొకరి పిల్లకి నడక నేర్పుతున్నాను. పక్కింటావిడ పరుగెత్తుకుంటూ ఎదురొచ్చింది, నీ కూతురు నడిచిందే అని. ఆవిడ సంతోషంగానే చెప్పింది. నాకు ఆ మాట ముల్లులా దిగింది. ఇంటికెళ్ళి పిల్లని నిలబెట్టి, నడువే నడువే అని బతిమాలాను. అది నడవలేదు, నిద్రొచ్చిందని ఏడ్చింది. ఆ బాధ ఇంకే తల్లికీ నా చేత్తో పెట్టకూడదనుకున్నాను. అంతకు మించి ఏమీ లేదు."

తల్లి విన్నది. జాలి పడిందో లేదో నేను చెప్పలేను. ఆ క్షణంలో ఆవిడ దగ్గర జాలికి చోటు లేదు.

"నీకు ముల్లు దిగింది కాబట్టి నాకు కళ్ళగంతలు కట్టావా ఆయమ్మా?" అంది. "నా బిడ్డ నడిచిందని ఎవరైనా వచ్చి చెబితే నేను ఏడ్చేదాన్నేమో. ఒకరోజు ఏడ్చేదాన్ని, మర్నాడు మామూలుగా డ్యూటీకి వెళ్ళేదాన్ని. నాకు ఉన్నదున్నట్టు చెప్పేవాళ్ళు కావాలి. నేను ఇంట్లో ఉండనే! మీరు చెబితేనే కదా నాకు తెలిసేది! నన్ను సంతోషపెట్టమని మిమ్మల్నెవరు అడిగారు?"

అన్నేళ్ళలో ఆయమ్మని ఆ ప్రశ్న అడిగిన తల్లి లేదు.

తల్లి ఇంకా అనేదే. అనడానికి నోరు తెరిచింది కూడా. అంతలో ఏదో గుర్తొచ్చి ఆగిపోయింది. ముఖంలో రంగు మారింది.

"మొన్న ఆదివారం," అంది, ఎవరితోనూ కాకుండా. "నిద్రలేవగానే ఎత్తుకున్నాను. నా గుండెల మీద తల వాల్చింది. మళ్ళీ ఎత్తి మళ్ళీ వాల్చింది. నేనంటే ఎంత ప్రేమో అనుకున్నాను. ముద్దు పెట్టుకున్నాను."

పిట్ట అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఇంక ఆగలేదు. గోడవైపు తిరిగి, సంచిలో ముఖం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. దారిన పోయేవాళ్ళు ఆగి చూసి, ఏ బిడ్డకి ఏమయిందో అనుకుని, తమ పిల్లల్ని దగ్గరికి లాక్కుని వెళ్ళిపోయారు.

పరీక్షగది తలుపు తెరిచి నర్సు పిలిచింది. తల్లి లేచింది. రెండడుగులు వేసి, వెనక్కి తిరక్కుండానే, "రేపట్నుంచి రావద్దు. ఇద్దరూ," అంది.

తలుపు మూసుకుంది.

*

ఆ పరీక్ష ఎలా చేస్తారో చూసినవాళ్ళకి తెలుసు. తల మీద అక్కడక్కడా తెల్లటి జిగురు పూసి, సన్నటి వైర్లు అంటించి, ఊడిపోకుండా గుడ్డ చుడతారు. ఆ తర్వాత పాప నిద్రపోవాలి. నిద్రలో ఎలా ఉందో, లేచేటప్పుడు ఎలా ఉందో యంత్రం గీతలు గీసి చూపిస్తుంది. మందిచ్చి పడుకోబెట్టడం ఆ డాక్టరమ్మకి ఇష్టం లేదు, మామూలుగా పడుకోవాలంది.

పాప పడుకుంటే కదా! వైర్లు అంటిస్తున్నంతసేపూ గొంతు చించుకుంది. అంటించాక ఇంకా ఎక్కువైంది. తల్లి జోకొట్టింది, పాడింది, పాలసీసా ఇచ్చింది, సీసా ఎగిరి గోడకి తగిలింది. మామూలుగా ఆవిడ ఇంటికొచ్చేసరికి పాప నిద్రకి తూగుతూ ఉంటుంది. పక్క మీద వేసుకుంటే చాలు. మేలుకుని మొండికేసిన పాపని పడుకోబెట్టాల్సిన అవసరం ఆవిడకి ఎప్పుడూ పడలేదు.

పరీక్ష చేసే టెక్నీషియన్ ఓపికమంతుడే. అతనికీ ఓపిక అయిపోతోంది. "అమ్మా, ఇలా కుదరదు. మీ తర్వాత ఇంకా ఇద్దరు పిల్లలున్నారు. ఇంట్లో రోజూ ఎవరు పడుకోబెడతారు?"

తల్లి పాపని చూసింది. ఏడ్చి ఏడ్చి ముఖం కందిపోయింది. ఆవిడ వెళ్ళి తలుపు తెరిచింది.

వరండాలో ఇద్దరూ అక్కడే ఉన్నారు. పొమ్మన్నా పోలేదు.

"రా," అంది తల్లి పిట్టతో. అంతే.

పిట్ట ముఖం తుడుచుకుని లోపలికొచ్చింది. చేతులు కడుక్కుంది, అది కూడా ఆయమ్మ నేర్పిందే. మంచం వెనకవైపు నుంచి వంగి, పాపని పక్కకి ఒత్తిగించి, బుగ్గ కింద అరచెయ్యి పెట్టింది. రెండో చెయ్యి పాప పాదం మీద వేసి, బొటనవేలితో అరికాలిని మెల్లగా తట్టడం మొదలుపెట్టింది. పిట్టకి పాటలు రావు. గొంతు బాగుండదని తనే ఒప్పుకుంటుంది. అందుకని ఎక్కాలు చదువుతుంది.

"పదమూడు ఒకట్ల పదమూడు. పదమూడు రెళ్ళు ఇరవై ఆరు. పదమూడు మూళ్ళు ముప్పై తొమ్మిది..."

టెక్నీషియన్ నవ్వబోయి మానేశాడు. పాప ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది. తల్లి మంచానికి ఇవతల, పాప ముఖానికి ఎదురుగా, కుర్చీలో కూర్చుని చూస్తోంది. తన బిడ్డ ఎలా నిద్రపోతుందో మొదటిసారి చూస్తోంది. అరికాలు తట్టాలని ఆవిడకి తెలియదు.

పదమూడో ఎక్కం అయ్యేలోపు పాప కళ్ళు మూతపడ్డాయి. యంత్రం చప్పుడు లేకుండా గీతలు గీసుకుపోతోంది. ఆ గీతల్ని చూసి టెక్నీషియన్ నుదురు చిట్లించాడు. పిట్ట చూసింది, తల్లి చూసింది. అడగడానికి ఇద్దరికీ ధైర్యం చాల్లేదు.

"ఒకటి అడుగుతాను," అంది తల్లి చాలాసేపటికి, గుసగుసగా. "కదలకు, పాప లేస్తుంది. నిజం చెప్పు."

పిట్ట తలూపింది.

"మొన్నామధ్య నేను డ్యూటీ నుంచి రాగానే అమ్మా అంది కదా. నన్ను చూసి. నువ్వూ ఆయమ్మా గుమ్మంలోనే ఉన్నారు. అది కూడా..." ఆవిడ ఆగి, మళ్ళీ అడిగింది. "మొదట ఎవర్నంది?"

పిట్ట చెయ్యి పాప బుగ్గ కింద ఉంది. తీయడానికి లేదు, అక్కణ్ణించి పోవడానికి లేదు. మీరే అక్కా అనేస్తే సరిపోతుంది. ఒక్క మాట. ఆ మాట కోసం ఆ తల్లి ప్రాణాలన్నీ కళ్ళల్లో పెట్టుకుని ఎదురుగా కూర్చుని ఉంది. ఇవాళ పొద్దున అయితే పిట్ట ఆ మాట ఎంత చక్కగా అనేదో.

"నన్నే అక్కా," అంది.

తల్లి కళ్ళు మూసుకుంది.

"పాలు పడుతుంటే అంది. నేను కాదమ్మా, మీ అమ్మ డ్యూటీకెళ్ళింది అని చెప్పాను. మీ ఫోటో చూపించాను. రోజూ చూపించి అనిపించాను, మీరొచ్చేదాకా." పిట్ట కన్నీళ్ళు పక్క మీద పడుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

తల్లి కళ్ళు తెరిచి పాప వంకే చూసింది.

టెక్నీషియన్ తెర మీదనుంచి కళ్ళు తిప్పకుండా చెయ్యెత్తాడు. "లేస్తోంది. ఇప్పుడే మనకి కావాల్సింది. కళ్ళు తెరవగానే ఎదురుగా అలవాటైన ముఖం ఒక్కటే ఉండాలి. ఇద్దరుంటే తల అటూ ఇటూ తిప్పుతుంది, వైర్లు ఊడిపోతాయి. ఎవరుంటారో ఉండండి, రెండోవాళ్ళు వెనక్కి వెళ్ళిపోండి."

పిట్ట బుగ్గ కింద చెయ్యి జాగ్రత్తగా లాక్కుని వెనక్కి జరిగింది.

తల్లి తన కుర్చీ వంక చూసుకుంది. తర్వాత లేచింది. "నువ్వు కూర్చో," అంది.

"వద్దక్కా. మీరే ఉండండి."

"కూర్చోవే. దానికి అలవాటైన ముఖం కావాలట. ఇంక అబద్ధాలొద్దు." ఆవిడ మంచం వెనకగా వెళ్ళి, పాపకి కనబడకుండా గోడకి ఆనుకుని నిలబడింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

పిట్ట వెళ్ళి కుర్చీలో కూర్చుంది. నవ్వు ముఖం పెట్టింది. ఎలా పెట్టిందో ఆ పిల్లకే తెలియాలి.

పాప రెప్పలు కదిలాయి. చెయ్యి గుప్పిట పట్టి వదిలింది. మెల్లగా కళ్ళు తెరిచింది.

ఆ చూపు పిట్ట ముఖం మీదికి వచ్చింది. అక్కడ ఆగలేదు, ఎవర్నీ వెతకనూ లేదు, అలా ఖాళీ గోడ మీదికి జారిపోయింది.